భయానక చిత్రాల ట్రైలర్లలో ఉత్కంఠ: కూర్పు, ధ్వని

ట్రైలర్ అనగా విడుదల కాబోయే చలనచిత్రాన్ని ప్రేక్షకులకు పరిచయం చేసే చిన్న ప్రచార చిత్రం. దీని నిడివి సాధారణంగా ఒక నిమిషం నుండి రెండున్నర నిమిషాల వరకు ఉంటుంది. ఇంత తక్కువ సమయంలో పాత్రలను పరిచయం చేసి, వారిపై ప్రేక్షకుడికి అభిమానం కలిగించి, ఆ తరువాత వారికి ఆపద తెచ్చి భయపెట్టడం కథ వలన అయ్యే పని కాదు. అందువలన భయానక చిత్రపు ట్రైలర్ ముఖ్యంగా రెండు సాధనాలపై ఆధారపడుతుంది. ఒకటి కూర్పు, అనగా ఎడిటింగ్. రెండవది ధ్వని. ఏ దృశ్యం ఎప్పుడు, ఎంతసేపు కనబడాలో కూర్పు నిర్ణయిస్తుంది. కనబడని దానిని గురించి ప్రేక్షకుడికి ఎంత తెలియాలో ధ్వని నిర్ణయిస్తుంది. ఈ రెండింటి నడుమ మిగిలిన ఖాళీని ప్రేక్షకుడు తన ఊహతో పూరించుకుంటాడు. భయం పుట్టేది ఆ ఖాళీలోనే.

పేరు, చరిత్ర

ట్రైలర్ అనే ఆంగ్ల పదానికి "వెనుక వచ్చేది" అని అర్థం. తొలినాళ్ళలో ఈ ప్రచార ఖండికలను అసలు ప్రదర్శన ముగిసిన తరువాత చూపేవారు కనుక ఆ పేరు వచ్చింది. అమెరికాలో మార్కస్ లోకు చెందిన థియేటర్ల ప్రచార బాధ్యత చూసిన నిల్స్ గ్రాన్‌లండ్ 1913లో తయారు చేసిన ఖండికను తొలి ట్రైలర్లలో ఒకటిగా చెబుతారు. ప్రదర్శన ముగియగానే ప్రేక్షకులు లేచి వెళ్ళిపోతుండడంతో తరువాతి కాలంలో వీటిని సినిమాకు ముందే చూపసాగారు. పేరు మాత్రం మారలేదు.

తెలుగునాట చాలాకాలం చిన్న పట్టణాలలో సినిమా ప్రచారం గోడపత్రికల ద్వారా, రిక్షాకు మైకు కట్టి ఊరంతా తిప్పడం ద్వారా జరిగేది. థియేటరులో సినిమాకు ముందో విశ్రాంతి సమయంలోనో రాబోయే చిత్రాల స్లైడ్లు, ట్రైలర్లు వేసేవారు. తరువాత టెలివిజన్, ఆ తరువాత యూట్యూబ్ ఈ స్థానాన్ని ఆక్రమించాయి. నేడు ఒక చిత్రానికి గ్లింప్స్, టీజర్, ట్రైలర్ అని రెండు మూడు విడతలుగా ప్రచార చిత్రాలు వెలువడుతున్నాయి. 2023 ఏప్రిల్ 21న విడుదలైన విరూపాక్ష చిత్రానికి 2022 డిసెంబరులోనే జూనియర్ ఎన్.టి.ఆర్. గొంతుతో ఒక గ్లింప్స్ విడుదల చేశారు.

ఉలికిపాటు, ఉత్కంఠ

భయానకం నవరసాలలో ఒకటి. భరతుని నాట్యశాస్త్రం దీనికి స్థాయీభావం భయమని, వర్ణం నలుపని, అధిదేవత కాలుడని చెబుతుంది. భయాన్ని కలిగించే విభావాలను చెప్పేటప్పుడు భరతుడు వికృతమైన ధ్వనితో మొదలుపెట్టాడు. భూతాలు కనబడడం, నక్కలు, గుడ్లగూబల వలన కలిగే బెదురు, శూన్యగృహం, అరణ్యప్రవేశం వంటివి దాని తరువాతనే వస్తాయి. చీకటి, ఖాళీ ఇల్లు, వింత చప్పుడు: నేటి ట్రైలర్లలో కనబడే సామగ్రి అంతా దాదాపుగా ఈ జాబితాలో ఉంది.

ఉలికిపాటుకు, ఉత్కంఠకు గల భేదాన్ని దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణలలో ఒక ఉదాహరణతో వివరించాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నారు. హఠాత్తుగా బల్ల క్రింద బాంబు పేలింది. ప్రేక్షకుడు కొద్ది సెకన్లపాటు ఉలిక్కిపడతాడు. అదే సన్నివేశంలో బాంబు ఉన్నదని, అది ఎప్పుడు పేలుతుందో కూడా ప్రేక్షకుడికి ముందే తెలిస్తే, ఆ ఇద్దరూ మాట్లాడుకునే మామూలు మాటలన్నీ అతనికి భరించరానివిగా మారతాయి. మొదటిది ఉలికిపాటు. రెండవది ఉత్కంఠ. ఉలికిపాటుకు పెద్ద శబ్దం ఒకటి చాలు. ఉత్కంఠకు కావలసింది ఎదురుచూపు. ఆ ఎదురుచూపు ఎంతసేపు సాగాలో లెక్కకట్టడమే కూర్పరి పని.

కూర్పులో పద్ధతులు

రెండు షాట్లను ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు వాటిలో విడివిడిగా లేని అర్థం పుడుతుంది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో రష్యాకు చెందిన లెవ్ కులెషోవ్ దీనిని ప్రయోగపూర్వకంగా చూపాడని ప్రసిద్ధి. ఏ భావమూ లేని ఒకే ముఖాన్ని ఒకసారి ఆహారం ప్రక్కన, మరొకసారి శవపేటిక ప్రక్కన చూపితే, ప్రేక్షకులు ఆ ముఖంలో మొదట ఆకలిని, తరువాత దుఃఖాన్ని చూశారు. దీనిని కులెషోవ్ ప్రభావం అంటారు. ట్రైలర్‌కు ఇదే పునాది. మూసి ఉన్న తలుపు భయంకరమైనది కాదు. దానివైపు చూస్తూ వెనుకకు అడుగువేసే పిల్లవాడి షాట్ తరువాత అదే తలుపు భయంకరమవుతుంది.

ఉత్కంఠ కోసం కూర్పులో ఎక్కువగా వాడే పద్ధతులు ఇవి:

* షాట్ల నిడివిని క్రమంగా తగ్గించడం. చలనచిత్రంలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. మొదట ఐదారు సెకన్లు నిలిచే షాట్లు, తరువాత రెండు సెకన్లు, ఒక సెకను, చివరకు ఆరు ఫ్రేములు, అనగా పావు సెకను వరకు తగ్గుతాయి. కంటికి ఆకారం అందుతుంది కాని వివరం అందదు. 1979 నాటి ఏలియన్ ట్రైలర్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అందులో సంభాషణలు దాదాపు లేవు. హెచ్చరిక సైరను వంటి ధ్వని మళ్ళీ మళ్ళీ వినబడుతుండగా షాట్లు వేగం పుంజుకుంటాయి.
* కత్తిరించకపోవడం. స్టాన్లీ కుబ్రిక్ తీసిన ద షైనింగ్ (1980) తొలి ట్రైలర్ అంతా కదలని ఒకే షాట్. మూసి ఉన్న లిఫ్టు తలుపులు, వాటి ముందు సాగిపోయే అక్షరాలు, నెమ్మదిగా పెరిగే సంగీతం, చివరకు రక్తప్రవాహం. షాట్ మారకపోవడం వలన ప్రేక్షకుడి చూపు తప్పించుకోవడానికి చోటు ఉండదు.
* దాచడం. సైకో (1960) ట్రైలర్‌లో హిచ్‌కాక్ ఆరు నిమిషాలకు పైగా తానే సెట్ అంతా తిరుగుతూ, ఇక్కడ ఏమి జరిగిందో చెప్పబోయి మానేస్తూ ఉంటాడు. చివర స్నానపు గదిలో అరిచే స్త్రీ కూడా ఆ పాత్ర ధరించిన జానెట్ లీ కాదు, వెరా మైల్స్. ట్రైలర్ కథ చెప్పనక్కరలేదని, కథపై ప్రశ్న పుట్టిస్తే చాలని ఇది నిరూపించింది.
* నల్లని తెర. రెండు షాట్ల మధ్య తెరను అర సెకను నుండి రెండు సెకన్ల వరకు నల్లగా ఉంచుతారు. ఇది విరామం కాదు. కన్ను పనిచేయని ఆ క్షణంలో చెవి మరింత మేలుకుంటుంది.

ధ్వనిలో పద్ధతులు

వికృత ధ్వని: ప్రాణభయంతో అరిచే జంతువుల గొంతు మామూలు పరిధిని దాటి బొంగురుపోయి చీలుతుంది. ఇటువంటి ధ్వనులు సినిమాలలో ఎలా ఉపయోగపడుతున్నాయో డేనియల్ బ్లూమ్‌స్టీన్, అతని సహచరులు 102 చిత్రాల ధ్వనిని పరిశీలించి 2010లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. భయానక సన్నివేశాలలో అరుపులు, గరగర శబ్దాలు ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. తంత్రీవాద్యాలతో మాత్రమే బెర్నార్డ్ హెర్మన్ సమకూర్చిన సైకో సంగీతం వినేవారిని ఎందుకు కలవరపెడుతుందో దీనివలన కొంత బోధపడుతుంది.

ఎడతెగని మంద్రధ్వని: దూరపు యంత్రం మ్రోత వంటి క్రింది శ్రుతిని ట్రైలర్ మొదటినుండి తక్కువ స్థాయిలో ఉంచుతారు. ప్రేక్షకుడు దానిని విడిగా గమనించడు. అది ఆగినప్పుడు మాత్రం తప్పక గమనిస్తాడు. శ్రుతి నిరంతరం పైకి పోతున్నట్టు భ్రమ కలిగించే షెపర్డ్ స్వరం కూడా ఇందుకు ఉపయోగిస్తారు. దీనిని రోజర్ షెపర్డ్ 1964లో వివరించాడు.

నిశ్శబ్దం: నిశ్శబ్దానికి విలువ రావాలంటే దానికి ముందు ఏదో ఒక చప్పుడు ఉండాలి. 1942 నాటి క్యాట్ పీపుల్ చిత్రంలో రాత్రివేళ ఒక స్త్రీ ఒంటరిగా నడుస్తుంటుంది. వెనుక మరొకరి చెప్పుల చప్పుడు వినబడుతుంటుంది. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. వెంబడించేవారు వెళ్ళిపోయారో, చప్పుడు చేయకుండా వస్తున్నారో తెలియదు. సరిగ్గా అప్పుడు బుస్సుమన్న శబ్దంతో ఒక బస్సు తెరమీదికి దూసుకువస్తుంది. నిర్మాత వాల్ లూటన్ పేరుమీద ఈ పద్ధతికి "లూటన్ బస్సు" అనే పేరు స్థిరపడింది. ఇక్కడ భయపెట్టింది బస్సు మాత్రమే కాదు, చెప్పుల చప్పుడు ఆగిన తరువాతి క్షణాలు.

ముందుగా వచ్చే ధ్వని: తరువాతి షాట్‌కు చెందిన ధ్వనిని ప్రస్తుత షాట్ మీదనే మొదలుపెట్టడాన్ని "జె కట్" అంటారు. షాట్ మారినా పాత ధ్వని కొనసాగితే అది "ఎల్ కట్". తల్లి జోలపాడే షాట్ మీద బావి గిలక కిర్రుమంటే, బావి కనబడకముందే ప్రేక్షకుడు ఆ రెండింటినీ ముడివేసుకుంటాడు.

గొంతు: తెలుగు చిత్రాలలో డబ్బింగు సంప్రదాయం బలమైనది. గొంతును శరీరం నుండి వేరుచేసి వినడం ఇక్కడి ప్రేక్షకులకు అలవాటే. అరుంధతి (2009)లో సోనూ సూద్ ధరించిన పశుపతి పాత్రకు గొంతునిచ్చిన పి. రవిశంకర్, ఆ ఒక్క పాత్రతో బొమ్మాళి రవిశంకర్‌గా పేరు పొందాడు. మూసిన సమాధి కనబడుతుండగా గొంతు మాత్రమే వినిపిస్తే, దృశ్యంలో లేని మనిషి దృశ్యాన్నంతా ఆక్రమిస్తాడు.

తెలుగునాట పూర్వరూపాలు

తెర వెనుక చప్పుడుతో భయపెట్టడం మనకు సినిమాతో వచ్చిన విద్య కాదు. తోలుబొమ్మలాటలో యుద్ధ ఘట్టాలు వచ్చినప్పుడు ఆటగాళ్ళు కాలి క్రింద చెక్కలను దడదడ తొక్కుతారు. తెరమీద రెండు బొమ్మలే ఉన్నా, చెవికి సేనలు కనబడతాయి. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నాటకాలు విన్న తరాలకు తలుపు గడియ చప్పుడు, అడుగుల చప్పుడు, గాలి హోరు అన్నవే రంగాలంకరణ. సినిమాలో ఇటువంటి చప్పుళ్ళను విడిగా చేసి చేర్చడాన్ని, యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరుమీద ఫోలీ అంటారు.

తెలుగు చిత్రాలలో రాంగోపాల్ వర్మ తీసిన రాత్రి (1992) ధ్వని విషయంలో ముఖ్యమైనది. దీనికి మణిశర్మ నేపథ్య సంగీతం సమకూర్చాడు. సినిమా హాలులో ఉన్న నాయిక ఉన్నట్టుండి తాను ఒంటరినని గ్రహించే సన్నివేశం నాట్యశాస్త్రం చెప్పిన శూన్యగృహానికి ఆధునిక రూపం. ఆ తరువాత మంత్ర (2007), అవును (2012), మసూద (2022) వంటి చిత్రాలు తెలుగులో ఈ కోవను కొనసాగించాయి.

ఒక నమూనా: దర్శి మిరప కల్లం

పైన చెప్పిన పద్ధతులన్నీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పరిసరాలలోని చప్పుళ్ళతోనే ట్రైలర్ కూర్చవచ్చునని చూపడానికి ఇక్కడ 60 సెకన్ల ఊహాత్మక నమూనా ఇవ్వబడింది. ఇందుకు ప్రకాశం జిల్లాలోని దర్శి పరిసరాలను ఎంచుకున్నాము. ప్రత్తి, మిరప పండే ఈ ప్రాంతంలో కోసిన మిరపకాయలను కల్లంలో పరిచి ఎండబెడతారు. మంచుకు తడవకుండా రాత్రిపూట రాసులపై పట్టాలు కప్పి, రైతులు అక్కడే కాపలా పడుకుంటారు. ఎండిన మిరపకాయలో గింజలు విడివడి ఉంటాయి కనుక కాలు పడితే గలగలమంటుంది. పట్టా మీద కాలు పడితే పరపరమంటుంది. వట్టి నేల మీద ఏ చప్పుడూ రాదు. ఈ మూడు చప్పుళ్ళే ఈ నమూనాకు ఆధారం.

* 0–10 సెకన్లు: మునిమాపు వేళ. కల్లమంతా కనబడే ఒకే షాట్. రైతు పట్టా కప్పి, పట్టాకు ఇవతల నులక మంచం వాల్చుకుంటాడు. పట్టాకు అవతలి అంచున కొన్ని మిరపకాయలు కప్పకుండా మిగిలిపోయాయి. దూరాన బోరు మోటారు మ్రోత, కీచురాళ్ళు.
* 10–18 సెకన్లు: రాత్రి. మంచం క్రింద కుక్క పడుకుని ఉంది. అవే చప్పుళ్ళు.
* 18–22 సెకన్లు: కరెంటు పోతుంది. మోటారు ఆగుతుంది. కొద్ది క్షణాలకు కీచురాళ్ళు కూడా ఆగుతాయి.
* 22–30 సెకన్లు: రైతు ముఖం. షాట్ మారదు. అవతల నుండి ఒక్కసారి గలగల.
* 30–38 సెకన్లు: టార్చిలైటు వెలుగు ఎర్రని అంచు మీద నెమ్మదిగా సాగుతుంది. అక్కడ ఎవరూ లేరు. మంచం క్రింద కుక్క చెవులు నిక్కబొడుచుకుంటుంది.
* 38–48 సెకన్లు: మళ్ళీ గలగల. మూడు సెకన్లకు మరొకటి. రెండు సెకన్లకు పరపర. సెకనుకు మరొక పరపర. చేయి, కన్ను, పట్టా, కుక్క: చప్పుళ్ళతోపాటు షాట్లు కూడా పొట్టివవుతాయి.
* 48–52 సెకన్లు: చప్పుడు ఆగిపోతుంది. టార్చి ఆరిపోతుంది. నల్లని తెర.
* 52–56 సెకన్లు: చిత్రం పేరు. నిశ్శబ్దం.
* 56–60 సెకన్లు: నల్లని తెర. చాలా దగ్గరగా ఒక దగ్గు.

ఈ నమూనాలో ఎవరినీ చూపలేదు. అయినా వచ్చేది ఎంత దూరంలో ఉందో ప్రేక్షకుడికి ప్రతి క్షణం తెలుస్తుంది. గలగల అంటే అంచున ఉన్నట్టు, పరపర అంటే పట్టా మీదికి వచ్చినట్టు. చప్పుడు ఆగడం అంటే వట్టి నేల మీదికి, అనగా మంచం దగ్గరకు చేరినట్టు. అందుచేత ఇక్కడ నిశ్శబ్దమే అన్నిటికంటే పెద్ద శబ్దం. కుక్కను ముందే మంచం క్రింద చూపడం వలన "కుక్క తిరుగుతున్నదేమో" అన్న సులువైన సమాధానం తొలగిపోతుంది. చివరి దగ్గుకు కారణం ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఎండుమిరప తొక్కితే ఘాటు లేస్తుంది.

చప్పుళ్ళు సమకూర్చుకోవడం కూడా తేలిక. రైతు పంటను తొక్కవలసిన అవసరం లేదు. గోనెసంచి మీద కొద్దిపాటి ఎండుమిరపకాయలు పోసి, మైకు దగ్గర అరచేతితో అదిమితే చాలు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. చేతులు కడుక్కోకుండా కళ్ళు తాకరాదు.

తరచుగా కనిపించే లోపాలు

* మొదటినుండి చివరివరకు పెద్ద శబ్దాలే ఉండడం. పది శబ్దాలకు ఉలిక్కిపడిన ప్రేక్షకుడు పదకొండవదానికి విసుగుపడతాడు. చెవికి కూడా హాని. అమెరికాలో థియేటరు ట్రైలర్ల సగటు ధ్వనికి 85 డెసిబెళ్ళ పరిమితిని పరిశ్రమే విధించుకుంది.
* దెయ్యాన్ని చూపివేయడం. చూసినదానికి కొలత ఉంటుంది. చూడనిదానికి ఉండదు.
* కథలోని మలుపులన్నీ వరుసగా చెప్పడం. అప్పుడు ప్రేక్షకుడికి ప్రశ్న మిగలదు.
* మొబైల్ ఫోనును మరచిపోవడం. మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్‌జ్‌ల వరకు వినగలదు. ఫోను స్పీకరు క్రింది శ్రుతులను పలికించలేదు. మంద్రధ్వని మీదనే ఆధారపడిన ట్రైలర్ ఫోనులో మూగదవుతుంది. కనుక హెడ్‌ఫోన్‌లో, ఫోను స్పీకరులో, పెద్ద స్పీకరులో విడివిడిగా విని సరిచూడాలి.

కూర్పు, అనుమానం, బాధ్యత

థియేటరులో ప్రదర్శించే ట్రైలర్‌కు కూడా కేంద్ర ఫిల్మ్ ధ్రువీకరణ మండలి, అనగా సెన్సారు బోర్డు, ధ్రువపత్రం అవసరం. 2023 నాటి చట్ట సవరణతో యుఎ వర్గాన్ని 7, 13, 16 సంవత్సరాల వయసుల ప్రకారం మూడుగా విభజించారు. అయితే కూర్పులోని కొన్ని విషయాలను ఏ ధ్రువపత్రమూ పట్టుకోలేదు.

పై నమూనాలో దగ్గు తరువాత ఇంకొక షాట్ చేర్చామనుకుందాం. ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలామె ముఖం. ఆమె ఏమీ చేయదు, ఊరక చూస్తుంది. అయినా ప్రేక్షకులందరూ కల్లంలోకి వచ్చింది ఆమేనని నిశ్చయించుకుంటారు. ఎవరూ ఆ మాట అనలేదు. రెండు షాట్లను ఒక దగ్గుతో కలిపినందువలన నేరం ఆమె మీద పడింది. కులెషోవ్ చూపినది ఇదే.

ఇది సినిమాకు పరిమితమైన విషయం కాదు. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన, సజీవంగా దహనం చేసిన సంఘటనలు తెలుగు రాష్ట్రాలలో నిజంగానే జరిగాయి. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఈ మూఢనమ్మకాలపై ప్రచారం చేస్తూ వచ్చాయి. అక్కడ కూడా జరిగేది ఒక విధమైన కూర్పే. ఊరిలో ఒక బిడ్డ చనిపోతుంది, ఆ ముందురోజు ఒక స్త్రీ ఆ వీధిలో కనబడుతుంది. జనం ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి మధ్యలోని ఖాళీని భయంతో పూరిస్తారు. విరూపాక్ష కథ కూడా చేతబడి నెపంతో ఊరివారు ఒక జంటను తగులబెట్టడంతో మొదలవుతుంది. మా ఊరి పొలిమేర (2021) కూడా చేతబడి ఇతివృత్తంగా వచ్చినదే.

కనుక భయానక చిత్రపు ట్రైలర్ కూర్చేవారు, ముఖ్యంగా మొబైల్‌లో లఘుచిత్రాలు తీసే విద్యార్థులు, చప్పుడు తరువాత ఏ ముఖాన్ని ఉంచుతున్నామో ఆలోచించుకోవాలి. ఒంటరి స్త్రీలు, వితంతువులు, వికలాంగులు, సంచార జాతులవారు నిజజీవితంలో ఇప్పటికే అనుమానానికి గురవుతున్నారు. వారి ముఖాలను భయానికి సులువైన గుర్తుగా వాడడం వలన ఆ అనుమానం బలపడుతుంది. పై నమూనాలో దగ్గు తరువాత తెర నల్లగానే ఉండిపోవడానికి ఇదొక కారణం. కళాదృష్టితో చూసినా అదే మేలు. ముఖం కనబడిన మరుక్షణం ప్రేక్షకుడి ప్రశ్నకు సమాధానం దొరికి, ఉత్కంఠ అక్కడితో ముగుస్తుంది.